సీసా దేంతోని కడిగినవ్ బావా

తాయిఫ్, జూన్ 18

బావా,

అక్క తీర్పు ప్రకారం కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఫోన్‌లో మనిద్దరం మొదలుపెడితే రెండో నిమిషంలో అరుపులు, మూడో నిమిషంలో కట్. అటు నీ భార్యగా, ఇటు నా అక్కగా మధ్యలో నలిగేది సంధ్యక్కే కాబట్టి, "ఇగ మీరిద్దరు చిట్టీలు రాసుకోండ్రి, నా చెవులు పోతున్నయ్" అంది. రాస్తే కోపం తగ్గుతుందని తన నమ్మకం. నాకైతే ఇప్పటిదాకా తగ్గలేదు.

మన ఇంటి గ్రూపులో నిన్న నువ్వు పెట్టిన ఫొటో గురించి మాట్లాడుకుందాం. పీపాను కావలించుకుని, గ్లాసు పైకెత్తి, పళ్లన్నీ బయటపెట్టి నువ్వు. కింద "మా బామ్మర్ది భూమేష్ పేరు మీద ఒక గుటక" అని రాత. అది నా ఫోన్‌లో వెలిగినప్పుడు నేను బండిలో ఉన్నాను. పక్కన మా యజమాని కొడుకు ఫహద్ ఉన్నాడు. ఫోన్‌ను తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. హఫర్ అల్ బాతిన్‌లో ఏడేళ్లు సిమెంటు మోసినవాడివి నువ్వు. ఇక్కడ ఏది అనొచ్చో, ఏది అనకూడదో నాకంటే నీకే ఎక్కువ తెలియాలి. ఇటలీ పోయిన మూడేళ్లకే మెదడు కడిగేసుకున్నావా? ఇకముందు నాకు రాసేటప్పుడు ఆ పీపాలో ఉన్నదాని పేరు రాయకు. షర్బత్ అను, కషాయం అను, నీ ఇష్టం.

నువ్వు ద్రాక్షతోటలో పనిచేస్తున్నావని మాత్రమే ఇక్కడ చెప్పాను. తోట తర్వాత ఏముంటుందో చెప్పలేదు.

ఇప్పుడు అసలు పని. మా కఫీల్ ముసలాయన, అబూ ఫహద్, మంచివాడే. కాకపోతే మొండి. ఆయన భార్య బతికున్నప్పుడు ఏటా ద్రాక్షరసాన్ని కాచి కాచి, తేనెలా చిక్కబడ్డాక డబ్బాలకెత్తేదట. దిబ్స్ అంటారు. ఆమె పోయి ఐదేళ్లయింది. ఎలా చేసేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దాయనకు రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అదే గుర్తుకొస్తుంది. ఒకరోజు నా పాడు నోరు ఊరుకోక, మా బావ ఇటలీలో ద్రాక్షతోటలో ఉంటాడు, ఆయనకు తెలిసుంటుంది అన్నాను. అంతే, పట్టుకున్నాడు. దిబ్స్ అయిన రోజే నేను ఊరికి పోవడానికి ఛుట్టీ కాగితం అన్నాడు.

నేను వచ్చేనాటికి నా బిడ్డ సృజన మూడు నెలల పిల్ల. ఇప్పుడు దానికి నాలుగేళ్లు దాటాయి. వీడియోలో నన్ను చూస్తే ఫోన్ తిప్పి గోడకు చూపిస్తుంది. కాబట్టి బావా, అక్కడ ఎవరైనా ఈ పాకం చేస్తే, ఎట్లా చేస్తారో అడిగి వివరంగా రాయి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నీ బామ్మర్ది
భూమేష్


పూల్యా, ఇటలీ
జూన్ 23

కోపిష్టి బామ్మర్దికి,

నీ చిట్టీ అందింది. వైన్ అనొద్దన్నావు, సరే, వైన్ అనను. వైన్ అని రాయను కూడా. ఇకనుంచి వైన్‌ను షర్బత్ అనే అంటాను. తృప్తేనా?

నువ్వు అడిగిన పాకం మా ముసలమ్మ చేతిలో పని. మా ముసలమ్మ అంటే ఈ ఇంటి పెద్ద, అస్సుంత. ఎనభై రెండేళ్లు. ఆమె కొడుకు రొక్కో నాకు మేస్త్రీ. ఇంటి కిందే రాతి గది, అందులో పీపాలు. రొక్కో తాతల నుంచి ఇదే పని. బోర్డు లేదు, దుకాణం లేదు. ఊరివాళ్లు క్యాన్లు పట్టుకుని వస్తారు, నింపుకుని, నిలబడి కాసేపు ముచ్చట పెట్టి పోతారు. మొదటిరోజు చూసి నాకు నవ్వొచ్చింది. మన కోరుట్ల కల్లుమండువకు వచ్చానా, ఇటలీకి వచ్చానా అనుకున్నాను. మీ బాపు భోజన్న మామ ఇక్కడుంటే రెండోరోజుకు ఈ ఇంటి పెత్తనమంతా ఆయనదే.

నా చేతికి కూడా పని ఒదిగింది. ఇక్కడ సీసాగానీ పీపాగానీ నింపేముందు నీళ్లతో తొలిచి వదిలేయరు. ఇంత షర్బత్ పోసి, గిర్రున తిప్పి, పారబోసి, అప్పుడు నింపుతారు. నీళ్ల వాసన పోవాలట. సీసాల పని మొత్తం నాదే. ఎంత అలవాటైందంటే, మొన్న చాయ్ గ్లాసును కూడా ఇంత చాయ్ పోసి తిప్పి పారబోశాను. రొక్కో చూసి, నువ్వు ఇక మావాడివి అన్నాడు.

అస్సుంతమ్మను అడిగాను. రాసుకుంటే వచ్చే పని కాదు, ముందు రుచి తెలియాలి అంది. పోయినేటి పాకం ఉంది. చూద్దాం. నువ్వు బీపీ పెంచుకోకు.

మీ బావ
ప్రభాకర్


తాయిఫ్, జూలై 20

బావా,

"చూద్దాం" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఏమీ పంపకు. మళ్లీ రాస్తున్నాను, ఏమీ పంపకు. చేసే పద్ధతి రాయి చాలు. నెల దాటింది. నీ ఉత్త కబుర్లు వచ్చాయి, పద్ధతి రాలేదు.

నువ్వు రాసేదాకా ఆగలేక పెద్దాయన పోయిన గురువారం తొలికోత మొత్తం పిండించాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేనూ బంగ్లాదేశీ రఫీకూ తొక్కాం. రసాన్ని నీలం డ్రమ్ములో పోసి, తెల్లారి కాచుదామని మూత పెట్టారు. పోయినేడు రసం పోసిందీ అదే డ్రమ్ములో. తెల్లారి మూత తీస్తే నురుగు గొంతు దాకా పొంగి ఉంది. వాసన నేను చెప్పక్కర్లేదు. కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టినవాడికి ఆ వాసన నిద్రలో కూడా తెలుస్తుంది.

రఫీక్ నా మొహం చూసి నవ్వాడు. రెండు రోజులు ఇలాగే ఉంచుదామని చెవిలో అన్నాడు. రసం పాడైందని చెప్పి, డ్రమ్మును దొర్లించి మొత్తం దానిమ్మ చెట్ల మొదళ్లలో పోశాను. ఎందుకు పాడైందని పెద్దాయన అడిగితే తెలియదన్నట్టు నిలబడ్డాను. ఆయన చెట్ల కింద తడిసిన మట్టిని చూసి లోపలికి వెళ్లాడు. ఇంకా రెండు కోతలున్నాయి. ఆ రెండూ పోతే ఈ ఏడాదికి ఇంతే సంగతులు.

సృజన వాళ్లమ్మ రజిత ఫోన్ చేసి ఎప్పుడొస్తావంటే ద్రాక్ష అయ్యాక అన్నాను. ఏ ద్రాక్ష అంది. ఏం చెప్పను?

భూమేష్


పూల్యా, జూలై 26

బామ్మర్దీ,

తిట్టకుండా చదువుతానని ముందు ఒట్టు వేసుకో.

పార్సిల్ పంపి పదహారు రోజులైంది. నువ్వు "పంపకు" అని రాసేసరికే అది దారిలో ఉంది. చిన్న సీసా, పావు లీటరు. అస్సుంతమ్మ పాకం. నీ అడ్రసు కఫీల్ పోస్టు బాక్సే కదా, దానికే పంపాను. చేసే పద్ధతి కూడా కాగితం మీద రాయించి సీసా చుట్టూ కట్టాను, అందుకే ఇక్కడ రాయలేదు. రెండుసార్లు ఎందుకని.

ఒక్క చిన్న సంగతి. సీసా మీద పేరు ఆ ముసలమ్మే తన చేత్తో రాసింది. సౌదీకి పోతుందని చెబితే సంబరపడి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఈ ప్రాంతంలో దీన్ని "వీనో కొత్తో" అంటారు. కొత్తో అంటే ఉడికించినది. వీనో అంటే, నీకు తెలిసిందే, షర్బత్. కానీ ఇందులో షర్బత్ ఏమీ లేదు. పిండిన రసాన్ని ఆ పూటే కాచిన పాకం. పేరు మాత్రమే అట్లా. వేపకాయంత వెర్రి అంటాం, అందులో వేపకాయ ఉంటుందా? అట్లాంటిదే.

అక్కడ పార్సిళ్లు చూసే ఆఫీసువాళ్లకు ఇటాలియన్ ఏం వస్తుందిలే. ధైర్యంగా ఉండు.

ప్రభాకర్


తాయిఫ్, ఆగస్టు 19

ప్రభాకర్ గారికి,

గారు అన్నానని కంగారుపడకు. బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆఫీసువాళ్లకు ఇటాలియన్ రాదు. కానీ ఫోన్ ఉంది. నీ ముసలమ్మ పెద్ద పెద్ద అక్షరాల మీద ఫోన్ పెడితే, అది అరబ్బీలో "వండిన ఖమ్ర్" అని పైకి చదివింది. ఖమ్ర్ అంటే మత్తుపానీయమని, ఇక్కడ అది నేరమని హఫర్ అల్ బాతిన్‌లో ఏడేళ్లున్నవాడికి నేను చెప్పాలా? కఫీల్‌కు ఫోన్ వెళ్లింది. పెద్దాయన, నేను, నా మాట అరబ్బీలో చెప్పడానికి ఖాదర్ మొహిద్దీన్ భాయ్, ముగ్గురం వెళ్లాం. ఖాదర్ భాయ్‌ది కడప. తోట బండి నడుపుతాడు, మా కాగితాలన్నీ ఆయనే చదువుతాడు. టేబుల్ మీద ఆ సీసా ఒక్కటే ఉంది. దాని చుట్టూ నలుగురు ఆఫీసర్లు. పెద్దాయనకు డెబ్బై ఏళ్లు. ఆయనను జీవితంలో మొదటిసారి ఇలా ఆఫీసులో నిలబెట్టింది నువ్వే.

రెండు దారులు చెప్పారు. ఒకటి, ఈ సీసా మాకు అక్కర్లేదని పెద్దాయన సంతకం పెడితే పారబోసి మూసేస్తారు, నా పేరు మీద ఒక మరక ఉంటుంది. రెండోది, టెస్టుకు పంపడం. ఏమీ లేదని తేలితే సీసా ఇచ్చేస్తారు, నా పేరు కడిగినట్టు అవుతుంది. ఉందని తేలితే ముందు జైలు, ఆ తర్వాత ఖురూజ్ నిహాయీ. అంటే వేలిముద్ర తీసుకుని శాశ్వతంగా పంపేస్తారు. ఇల్లు చేరడమే కదా అనకు. ఏ మొహంతో చేరను, చేరి ఏం తినిపించను?

నేను టెస్టే చేయండి అన్నాను. గట్టిగా అన్నాను. రసాన్ని ఆ పూటే కాస్తారని నువ్వు రాశావు కదా, ఆ ధైర్యం. పెద్దాయన కూడా నా మొహం చూసి, సరే, టెస్టు అన్నాడు. ఆయనకు ఆ రుచి చూడాలని కూడా ఉంది. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు, నేను చూశాను. ఆదివారం పంపుతారు.

సీసా చుట్టూ కట్టిన కాగితం దానితోపాటే లోపల ఉండిపోయింది. కాబట్టి పద్ధతి ఇంకా నాకు రాలేదు. రెండో కోత బజారుకే పోయింది, ఇక ఒక్క కోత మిగిలింది.

అక్క మీద ఒట్టుపెట్టి చెప్పు. ఆ సీసాలో ఏమీ లేదు కదా?

భూమేష్


పూల్యా, ఆగస్టు 20

భూమేష్,

రాత్రి నుంచి మూడు కాగితాలు చించాను. ఒట్టు పెట్టమన్నావు. పెట్టలేను.

పాకంలో ఏమీ లేదు. అది నిజం. నా కళ్లముందే అస్సుంతమ్మ జాడీలోంచి తీసింది. సీసా మాత్రం నేను తెచ్చాను. నింపింది నేనే. నీళ్లతో కడిగాను. ఆ తర్వాత చెయ్యి దానంతట అదే పీపా దగ్గరికి వెళ్లింది. ఇంత పోసి, గిర్రున తిప్పి, పారబోసి, అప్పుడు పాకం నింపాను. రోజుకు రెండు వందల సీసాలకు అదే చేస్తాను, ఈ సీసా వేరు అని చేతికి తెలియలేదు. నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. అడుగున ఒక చుక్క ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మిషన్‌కు చుక్క చాలేమో, నాకు తెలియదు.

అస్సుంతమ్మకు చెప్పాను. చేతిలో గరిటెతోనే భుజం మీద ఒక్కటి వేసింది. వీనో కొత్తో సీసాను ఎవరైనా వైన్‌తో తొలుస్తారా అని కొడుకునీ నన్నూ కలిపి తిట్టింది. సంధ్యకు ఇంకా చెప్పలేదు. నువ్వు చెప్తానంటే చెప్పు, నేను ఆపను.

టెస్టు ఆపించు భూమేష్. నీ కాళ్లు మొక్కుతా.

పద్ధతి ఇది. జూన్‌లోనే రాయాల్సింది. కోసిన ద్రాక్ష ఆ పూటే తొక్కి, ఆ పూటే పొయ్యి మీద పెట్టాలి. గిన్నెలు వేడినీళ్లతో కడిగి ఎండబెట్టినవే కావాలి. ద్రాక్షతీగ కాల్చిన బూడిద గుప్పెడు, పల్చని గుడ్డలో మూట కట్టి, రసంలో ఒక పొంగు వచ్చేదాకా ఉంచి తీసేస్తే పులుపు విరుగుతుంది. పైకి తేలే నురుగు తీస్తూనే ఉండాలి. నాలుగు గిన్నెలు ఒక గిన్నె అయ్యేదాకా సన్నమంట. కలుపుతున్న మనిషి పొయ్యి వదిలి లేవకూడదు.

ప్రభాకర్


తాయిఫ్, ఆగస్టు 20

చదివాను. ఇప్పుడు ఏమీ రాయలేను. రాస్తే అక్కకు చూపించలేని మాటలు వస్తాయి.


తాయిఫ్, సెప్టెంబర్ 6

బావా,

పదిహేడు రోజులు నిన్ను కావాలనే ఎండబెట్టాను. ఇప్పుడు చెప్తాను.

నీ చిట్టీ పట్టుకుని ముందు ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొత్తం విని నెత్తి కొట్టుకున్నాడు. "యాల చెప్తావప్పా అన్నీ? టెస్టు వద్దని ఒక్క మాట చెప్పు సాలు, సంతకం పెట్టేస్తాడు" అన్నాడు. నేనూ అదే అనుకుని వెళ్లాను. పెద్దాయన తోటలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. టెస్టు వద్దు అన్నాను. నిన్న కావాలన్నవాడివి ఇవాళ ఎందుకు వద్దంటున్నావని అడిగాడు. నా దగ్గర అబద్ధం తయారుగా లేదు. ఇంతకుముందు చెప్పినవే మోయలేకున్నాను.

చెప్పేశాను బావా. మా బావ పనిచేసేది వైన్ చేసే ఇంట్లో, సీసాను దానితో తొలిచాడు అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. మా బాపు ముప్పై ఏళ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు తీశాడు, మాది ఆ కులమే, నేను పెరిగింది ఆ కల్లు లొట్ల, కుండల మధ్యే అని కూడా చెప్పాను. ఇక్కడికి వచ్చిన రోజునుంచి మా బాపును రైతు అని చెప్పుకుంటున్నాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఖాదర్ భాయ్ సగం సగం అరబ్బీలో చెబుతూ నన్ను గిల్లుతూనే ఉన్నాడు.

పెద్దాయన ఫహద్‌ను పిలిచి నా ఇకామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, తెమ్మంటాడనుకున్నాను. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు, మీ నాయన ఆ కుండను దేంతో కడిగేవాడు అని.

నాకు అర్థం కాలేదు. అయినా చెప్పాను. "తియ్యటిది గావాల్నంటె ఉడుకునీళ్లతోని తోమి, లోపల సున్నం రాసేటోడు. పులిసింది గావాల్నంటె అడుగున పాతది అట్లనే ఉంచేటోడు."

ఖాదర్ భాయ్ అది చెప్పగానే పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. బావా, ఆయన అరవడం నాలుగేళ్లలో వినలేదు. ఖాదర్ భాయ్ దాన్ని కడప తెలుగులో నా నెత్తిన పోశాడు. "ఇంత తెలిసినోనివి, జూలైలో నా డ్రమ్ము యాల కడగలేదు రా?"

నీకు కూడా రాయలేదు ఆ సంగతి. ఆ రోజు డ్రమ్ము అడుగున పోయినేటి మడ్డి నేను చూశాను. కడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది. ఇది నీకెలా తెలుసు అని అడుగుతారని నోరు మూసుకున్నాను. తొలికోత మొత్తం నా భయానికే పోయింది. ఆయనకు కోపం నా కులం మీద కాదు, నీ సీసా మీద కాదు. తన డ్రమ్ము మీద.

అలా తిట్టుకుంటూనే ఆఫీసుకు వెళ్లి, సీసా అక్కర్లేదని సంతకం పెట్టాడు. పారబోసేటప్పుడు చూస్తారా అని అడిగారట. చూడనన్నాడని ఖాదర్ భాయ్ చెప్పాడు. ఆ రుచి ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు. నా కోసం వదులుకున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు నా వైపు చూసినప్పుడల్లా డ్రమ్మును చూపించేవాడు.

ఆఖరి కోత సోమవారం. పొద్దున్నే అన్ని గిన్నెలూ ఉడుకునీళ్లతో నేనే తోమాను. తీగలు కాల్చి బూడిద మూట కట్టాను. మా బాపు సున్నానికి నీ అస్సుంతమ్మ బూడిద చుట్టమే అవుతుందనుకుంటా. మధ్యాహ్నానికి పొయ్యి మీద పెడితే చీకటిపడే వేళకు చిక్కబడింది. పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఒక్కసారి కూడా లేవలేదు, నన్ను లేవనివ్వలేదు. చల్లారాక రొట్టె ముంచి తిన్నాడు. "ఇది ఆమె చేసినట్టు లేదు" అన్నాడు. మళ్లీ ముంచాడు. మూడోసారి కూడా ముంచాడు. రొట్టె అయిపోయాక ఫహద్‌ను పిలిచి నా ఛుట్టీ కాగితం తీయమన్నాడు. రెండు నెలలు. నవంబర్‌లో టికెట్.

నీమీద కోపం పోలేదు. సగం పోయింది. మిగతా సగం ఊళ్లో అక్క ముందు తీర్చుకుంటాను.

భూమేష్


పూల్యా, సెప్టెంబర్ 7

భూమేష్, నీ చిట్టీ రొక్కోకు, అస్సుంతమ్మకు చదివి చెప్పాను. నాకు వచ్చిన ఇటాలియన్‌లోనే. డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మ ఆ పెద్దాయన తరఫున టేబుల్ మీద కొట్టింది. సంధ్యకు నేనే చెప్పాను. వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. నిన్ను మాత్రం ఊరికి బయల్దేరేముందు ఒకసారి ఫోన్ చేయమని మెసేజ్ పెట్టింది.


కోరుట్ల, నవంబర్ 17

బావా,

పెద్దాయన ఒక చిన్న డబ్బా నిండా దిబ్స్ ఇచ్చి పంపాడు. పైన ఫహద్ ఏదో రాయబోతే, ఏమీ రాయకు అని చెయ్యి పట్టుకున్నాను. హైదరాబాదులో ఆఫీసర్ ఇదేమిటని అడిగాడు. ద్రాక్షపాకం అన్నాను, మూత తీసి వాసన చూపించాను. పో అన్నాడు.

సృజన రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. రజిత వెనక నిలబడి, వీడియోలో గోడకు చూపించినట్టే, నాకు వీపు చూపించింది. ఎత్తుకోబోతే ఏడుపు. చాక్లెట్లు ముట్టలేదు. మూడోరోజు పొద్దున బాపు జొన్నరొట్టె తింటుంటే పక్కన కొంచెం పాకం పెట్టాను. ఆయన నాలిక మీద వేసుకుని, కడిగిన గిన్నెలో కాచినట్టున్నావు, బాగుంది అన్నాడు. అంతే అన్నాడు. కానీ తాయిఫ్‌లో ఆయన పేరు, ఆయన పని చెప్పానని అన్నప్పుడు, ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

బిడ్డ మెల్లగా వచ్చి తాత పళ్లెంలో వేలు పెట్టింది. నాకింది. నా మొహం చూసింది. డబ్బా నా చేతిలోనే ఉంది. వేలు నా ముందు చాపి, "ఇంకింత" అంది.

నాలుగేళ్లలో నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అదే బావా. పెట్టాను. మళ్లీ అడిగింది, మళ్లీ పెట్టాను. ఇప్పుడు నా ఒళ్లో కూర్చునే డబ్బా గీకుతోంది. అడుగు కనిపిస్తోంది. నేను తిరిగి వెళ్లడానికి ఇంకా ఏడు వారాలుంది.

అందుకని రాస్తున్నాను. అస్సుంతమ్మను అడిగి ఒక సీసా పంపు. తాయిఫ్‌కు కాదు, ఇక్కడికి. పేరు ఏదైనా రాసుకోమను.

సీసాను మాత్రం నీళ్లతోనే కడుగు.

భూమేష్